తమ్ముడి ఫోను ఖర్చు: కొంత విజ్ఞానం, కొంత అనుభవం

మా తమ్ముడు భారత సైన్యంలో ఉన్నాడు. ఏ దళంలో, ఏ శిఖరం మీద అన్నది ఈ వ్యాసానికి అవసరం లేదు, అవసరమైనా వ్రాయను. కారణం చివరలో మనవి చేస్తాను. అమ్మ తాడేపల్లిగూడెంలో ఉంటుంది. నేను ఐర్లండులో, కార్క్ నౌకాశ్రయం ఒడ్డున రింగస్కిడ్డీలోని ఒక ఔషధ కర్మాగారంలో పరిశోధన చేస్తున్నాను. మేము ముగ్గురం మాట్లాడుకోవటానికి అయ్యే ఖర్చును తగ్గించబోయి నేను నేర్చుకున్న విషయాలు, చేసిన ఒక పెద్ద పొరపాటు ఈ వ్యాసానికి ముడిసరుకు. నాకు పట్టా వచ్చింది రసాయన శాస్త్రంలో. టెలిఫోను విషయంలో నేనూ మీలాగే బిల్లు కట్టే మనిషిని.

మా వైపు సైన్యంలో చేరటం వింత కాదు. తాడేపల్లిగూడేనికి దగ్గరలోని మాధవరాన్ని జనం 'మిలిటరీ మాధవరం' అనే పిలుస్తారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ సిపాయిలను పంపిన ఊరు అది. ఆ రోజుల్లో ఇళ్లకు వచ్చేది ఉత్తరం. నా చిన్నతనానికి పసుపుపచ్చ బోర్డుల ఎస్.టి.డి. బూతులు వచ్చాయి. మా బాబాయి జబల్‌పూరు నుంచి వీధిచివరి బూతుకు ఫోను చేసేవాడు. రాత్రి పదకొండు దాటితే పావు ధర కనుక నాన్నమ్మ పదిన్నరకే శాలువా కప్పుకుని అక్కడి బల్ల మీద కూర్చునేది. దూరం పెరిగితే ధర పెరుగుతుందనీ, అది న్యాయమేననీ అందరం అనుకునేవాళ్లం. అది సగమే నిజమని తమ్ముడు కొండ ఎక్కిన తర్వాత తెలిసింది.

2016 శీతకాలంలో వాడికి మంచుకొండల మీద కొలువు పడింది. ఆ చోట మామూలు సెల్ ఫోనుకు సంకేతం అందదు. జి.ఎస్.ఎం. పద్ధతిలో ఫోనుకూ టవరుకూ మధ్య దూరం సుమారు 35 కిలోమీటర్లు దాటితే, ఎంత నిర్మలమైన ఆకాశమైనా సంభాషణ కుదరదు. దూరం వలన కలిగే ఆలస్యాన్ని టవరు 63 మెట్ల వరకే సవరించగలదు. ఒక్కొక్క మెట్టు 550 మీటర్లు. అంత దూరం దాకా కూడా అక్కరలేదు, మధ్యలో ఒక కొండ అడ్డం వస్తే చాలు. అందుచేత వాడికి ఉపగ్రహ ఫోనే గతి. నిమిషానికి 5 రూపాయలు. యూరోలలో జీతం తీసుకునే మనకు అది లెక్కలోకి రాదు. కాని అక్కడ ఉన్నది ఒక్క ఫోను, వెనుక వరుసలో పదిమంది, ప్రతివాడికీ ఒక ఇల్లు. అసలు కొరత రూపాయలది కాదు, నిమిషాలది.

మొదటి నెల గడిచేసరికి అమ్మ నాకు ఫోను చేసి ఏడ్చింది. "వాడేదో దాస్తున్నాడే. ఒంట్లో ఎలా ఉందిరా అని అడిగితే వెంటనే చెప్పడు. ఆగి, ఆలోచించుకుని, బాగానే ఉందమ్మా అంటాడు."

ఆ ఆగటం తమ్ముడిది కాదు, ఆకాశానిది. భూస్థిర ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. అమ్మ మాట పైకి వెళ్లి క్రిందికి దిగటానికి కనీసం 71,572 కిలోమీటర్లు ప్రయాణం చేయాలి. సెకనుకు మూడు లక్షల కిలోమీటర్ల వేగంతో పోయినా అది 0.24 సెకను. వాడి జవాబు తిరిగి రావటానికి మరొక 0.24. యంత్రాలు మాటను అంకెలుగా మార్చటానికి పట్టే వ్యవధి దీనికి అదనం. వెరసి అర సెకను దాటుతుంది. ఎదురెదురుగా మాట్లాడుకునే మనుషులలో ఒకరు ఆపాక ఇంకొకరు అందుకునే వ్యవధి సగటున సెకనులో అయిదవ వంతు మాత్రమే. పసితనం నుంచి మన చెవి ఆ లయకు అలవాటు పడి ఉంటుంది. ఆ లయ తప్పితే మనసు వెంటనే 'ఏదో ఉంది' అని అర్థం తీస్తుంది. అమ్మ తప్పు ఏమీ లేదు.

ఇందులోనే ఖర్చు కూడా ఉంది. జవాబు రాలేదనుకుని అమ్మ ప్రశ్నను మళ్లీ అడుగుతుంది. అదే క్షణంలో వాడి జవాబు వచ్చి ఆమె మాట మీద పడుతుంది. ఇద్దరూ ఆపేస్తారు. "ఏమన్నావు?" "నువ్వు చెప్పు." "కాదు, నువ్వే చెప్పు." మరుసటి సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ ప్రక్కన గడియారం పట్టుకుని కూర్చున్నాను. నాలుగు నిమిషాల సంభాషణలో ఒక నిమిషానికి పైగా ఈ ఢీకొనటాలకే పోయింది. ప్రయోగశాలలో ఇంత నష్టం జరిగితే నా పై అధికారి ఊరుకోడు.

నివారణ సులభం. వైర్‌లెస్ సెట్ మీద మాట్లాడే సైనికులు మాట ముగియగానే 'ఓవర్' అంటారు. అమ్మకు ఆ ఇంగ్లీషు మాట నచ్చలేదు. "చెప్పు నాన్నా" అని ముగించి, మనసులో ఒకటి, రెండు అని లెక్కపెట్టటం మొదలుపెట్టింది. ఒక్క వారంలో అదే నాలుగు నిమిషాల్లో అయిదు నిమిషాల మాట పట్టింది. అంతకంటే ముఖ్యం, వాడు దాస్తున్నాడనే అనుమానం పోయింది.

2017 దీపావళికి కేంద్ర ప్రభుత్వం సైనికుల ఉపగ్రహ ఫోను ధరను నిమిషానికి 5 రూపాయల నుంచి 1 రూపాయికి తగ్గించింది. నెలనెలా కట్టవలసిన 500 రూపాయలనూ తీసివేసింది. నేను సంతోషించి తమ్ముణ్ణి అడిగితే వాడు నవ్వాడు. "ధర తగ్గిందక్కా, వరుస పెరిగింది." ఒక ఫోను గంటలో ఇచ్చేది అరవై నిమిషాలే. ప్రభుత్వాలు రూపాయలను తగ్గించగలవు కాని గంటను పెంచలేవు. కనుక మాటను కుదించటమే మిగిలింది.

మాటను కుదించే విద్యకు మనం నివసిస్తున్న ఈ దేశానికీ సంబంధం ఉంది. కెర్రీ ప్రాంతపు పడమటి కొసన వాలెన్షియా అనే ద్వీపం ఉన్నది. పిల్లలను తీసుకుని వెళ్లని తెలుగు కుటుంబాలు ఒకసారి వెళ్లిరావాలని నా మనవి. అట్లాంటిక్ సముద్ర గర్భంలో వేసిన తంతి తీగ ఇక్కడి నుంచే న్యూఫౌండ్‌లాండ్‌కు వెళ్లింది. 1858లో వేసిన మొదటి తీగ మీద విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశం చేరటానికి 16 గంటలు పట్టింది. ఆ తీగ కొన్ని వారాలకే మూగబోయింది. 1866లో మళ్లీ వేసిన తీగ నిలిచింది. కాని తొలి ధర 20 మాటలకు 20 పౌన్లు! మాటకు ఒక పౌను అంటే నాటి కూలివాడికి కొన్ని వారాల శ్రమ. వర్తకులు ఊరుకుంటారా? ఒక్క మాటలో ఒక వాక్యం ఇమిడేటట్లు సంకేత పుస్తకాలు తయారుచేసుకున్నారు.

రెండవ ప్రపంచ యుద్ధంలో ఈ ఉపాయమే సైనికుల ఇళ్లకు చేరింది. ఇ.ఎఫ్.ఎం. అనే తంతిలో కుశల వాక్యాలన్నీ ముందే అచ్చువేసి, ఒక్కొక్క దానికి ఒక అంకె ఇచ్చారు. సైనికుడు గాని, ఇంటివారు గాని మూడు వాక్యాల వరకు ఎంచుకుంటే తీగ మీద అంకెలు మాత్రమే వెళ్లేవి. అవతల తపాలా గుమాస్తా వాటిని మళ్లీ వాక్యాలుగా వ్రాసి ఇచ్చేవాడు. ధర అందరికీ ఒకటే. మన దేశంలో పెళ్లిళ్లకు అంకెలతో పంపిన శుభాకాంక్షల తంతులు పెద్దలకు జ్ఞాపకం ఉండే ఉంటాయి. ఆ తంతి సేవ 2013 జూలైలో ముగిసింది. లెక్కగా చెప్పాలంటే 256 వాక్యాల జాబితా ఇద్దరి దగ్గరా ఉంటే, అందులో ఏ వాక్యాన్నయినా 8 బిట్లతో, అనగా ఎనిమిది అవును-కాదులతో పంపవచ్చు.

మేము అంత పెద్ద జాబితా పెట్టుకోలేదు. అయిదే పెట్టుకున్నాం. ఒకటి అంటే అంతా క్షేమం. రెండు అంటే డబ్బు పంపాను. మూడు అంటే కొన్నాళ్లు ఫోను ఉండదు, కంగారు పడవద్దు. నాలుగు, అయిదు మా ఇంటి సంగతులు. వాడు ఫోను తీయగానే ముందు అంకె చెప్పి, మిగిలిన సమయమంతా కబుర్లకు వాడుకునేవాడు. క్రిందికి దిగి మామూలు సెల్ ఫోను అందే చోట ఉన్నప్పుడు ఒక మిస్‌డ్ కాల్ ఇస్తే 'ఒకటి' అని లెక్క. ఎత్తని కాల్‌కు ధర లేదు కదా! తెలుగు నాట పాలవాడి నుంచి కాలేజీ పిల్లల దాకా అందరికీ తెలిసిన ఉచిత తంతి ఇదే.

ఇక్కడ నేను కొంచెం అతిగా పోయాను. 1948లో క్లాడ్ షానన్ అనే అమెరికన్ గణితజ్ఞుడు సమాచారాన్ని కొలిచే సూత్రం ఇచ్చాడు. ఎంత ఊహించని వార్త అయితే అంత ఎక్కువ సమాచారం; ముందే తెలిసిన జవాబులో సమాచారం సున్న. అమ్మ ప్రతిసారీ "అన్నం తిన్నావా?" అని అడుగుతుంది. ఏళ్ల తరబడి జవాబు ఒకటే, "తిన్నానమ్మా". షానన్ లెక్క చూపించి ఈ ప్రశ్న మానేయమన్నాను. అమ్మ నా చదువును గౌరవించి రెండు వారాలు మానేసింది. మూడవ వారం తమ్ముడు తన వంతు ఫోనును నాకు చేశాడు. "అక్కా, అమ్మకు ఒంట్లో బాగా లేదా? అన్నం తిన్నావా అని అడగటం లేదు!" షానన్ తప్పు చెప్పలేదు. సమాచారం జవాబులో ఉందని నేను వెతికాను. అది ప్రశ్నలో ఉంది. ప్రశ్నను తిరిగి చేర్చాం.

ఇక పొరపాటు సంగతి. మా పొరుగింటి ఐరిష్ ఆమె కొడుకు ఇక్కడి సైన్యంలో పనిచేస్తాడు. 2019లో అతణ్ణి దక్షిణ లెబనాన్‌కు, ఐక్యరాజ్య సమితి శాంతిదళంలోకి పంపారు. ఐరిష్ సైనికులు అక్కడికి 1978 నుంచే వెళ్తూ వచ్చారు; భారత పటాలం 1998లో చేరింది. ఆ సంగతి మా ఇద్దరినీ దగ్గర చేసింది. ఆమె ఫోను ఖర్చును గురించి బాధపడితే నేను పెద్ద పండితురాలిలా మా మిస్‌డ్ కాల్ పద్ధతిని నేర్పాను. "రోజూ రాత్రి ఎనిమిదింటికి ఒక్కసారి మ్రోగించి పెట్టేయండి. ఇంట్లో అంతా క్షేమమని అతనికి అర్థమవుతుంది. పైసా ఖర్చు లేదు."

నెల తిరిగాక కొడుకుకు వచ్చిన బిల్లు కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. రోజూ రాత్రి ఎనిమిదింటికి రెండేసి అంతర్జాతీయ కాల్స్. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. టీ కలిపి ఇచ్చింది. ఆ టీ త్రాగటం కష్టమైంది.

ఏమి జరిగిందో తెలుసుకోవటానికి నాకు రెండు వారాలు పట్టింది. ఐర్లండు నెంబరు ఎక్కడికి వెళ్లినా దాని పుట్టిల్లు ఐర్లండు ఎక్స్‌ఛేంజే. తల్లి కార్క్ నుంచి చేసిన కాల్ మొదట ఆ పుట్టింటికి పోతుంది. అక్కడి జాబితా చూసి లెబనాన్‌కు మళ్లుతుంది. ఇది మొదటి అంతర్జాతీయ ప్రయాణం, దీని ఖర్చు కొడుకుది. అక్కడ అతని ఫోను ఆ వేళకు ఇనుప అలమారలో ఉంటుంది. చుట్టూ లోహం మూసుకున్న పెట్టెలోకి బయటి విద్యుత్ ప్రభావం చొరదని ఫారడే 1836లోనే చూపించాడు; రేడియో తరంగాల సంగతీ అంతే. ఫోను ఆపలేదు కనుక అది ఉన్నదనే జాబితా చెబుతుంది. పిలిస్తే మాత్రం పలకదు. అప్పుడు లెబనాన్ ఎక్స్‌ఛేంజి ఆ కాల్‌ను వాయిస్ మెయిల్‌కు పంపుతుంది. వాయిస్ మెయిల్ ఉన్నది మళ్లీ ఐర్లండులో! ఇది రెండవ అంతర్జాతీయ ప్రయాణం. తల్లి రెండు సెకన్లలో పెట్టేసినా యంత్రం ఎత్తినట్లే, నిమిషం పడినట్లే. తాడేపల్లిగూడెంలో ఉచితమైన మిస్‌డ్ కాల్ ఇక్కడ జోడు ధర పలికింది. ఫోను పూర్తిగా ఆపి ఉంచినా ఈ రాకపోకలు జరిగేవి కావు. పుట్టిల్లే కాల్‌ను నేరుగా వాయిస్ మెయిల్‌కు పంపి ఉండేది.

2017 జూన్ 15 నుంచి యూరపు సమాఖ్య దేశాలలో తిరిగేవారికి రోమింగ్‌లోనూ ఇంటి ధరే కనుక మనకు ఈ జాగ్రత్తలు మరపుకు వచ్చాయి. లెబనాన్ ఆ సమాఖ్యలో లేదు, ఇండియా కూడా లేదు. సమాఖ్య వెలుపల సైతం డేటా ఖర్చు 50 యూరోల దగ్గర ఆగేటట్లు 2012లో నిబంధన వచ్చింది గాని, అది మాట ఖర్చుకు వర్తించదు. సమాఖ్య దాటి వెళ్లే సైనికుడైనా, సెలవులకు ఇంటికి వెళ్లే మనమైనా విమానం ఎక్కకముందే ##002# నొక్కితే కాల్ మళ్లింపులన్నీ రద్దవుతాయి. ఈ ఒక్క వాక్యం నాకు ముందే తెలిసి ఉంటే పొరుగింట నాకు ఇంకొంచెం గౌరవం మిగిలేది. ఆ బిల్లులో సగం నేను ఇవ్వబోతే ఆమె తీసుకోలేదు. అతను తిరిగి వచ్చే వరకు వారి ఇంటి ముందు గడ్డి కోసే పని మా వారి పాలబడింది.

ఇప్పుడు ఉపగ్రహాల కాలం కొంత వెనుకబడింది. 2025 జనవరిలో సియాచిన్ హిమానీనదం దాకా 5జి సెల్ సేవ చేరింది. సైనికులకు కూడా మిగిలినది డేటా లెక్కే. ఆ లెక్క ఇంట్లో పిల్లలతో కలిసి చేయదగ్గది. పాత తీగ ఫోను మాటను సెకనుకు 8,000 సార్లు తూచి, ప్రతి తూకానికి 8 బిట్లు వాడేది. అంటే సెకనుకు 64,000 బిట్లు. జి.ఎస్.ఎం. గొంతు నిర్మాణాన్ని ఆధారం చేసుకుని దానిని 13,000కు తగ్గించింది. మనం మాట్లాడనప్పుడు ఏమీ పంపకుండా కూడా పొదుపు చేస్తుంది. అప్పుడు లైను తెగిందని అనుకోకుండా అవతలి ఫోను తనంతట తానే సన్నని హోరును కల్పించి వినిపిస్తుంది. కొండగాలి అనుకుని అమ్మ విన్న హోరులో ఎంత గాలి, ఎంత కల్పన అన్నది వేరే విషయం.

ఇంటర్నెట్ మీద మాట పొట్లాలుగా వెళ్తుంది. సెకనుకు 50 పొట్లాలు అనుకుందాం. ఒక్కొక్క పొట్లం మీద చిరునామా వగైరాలు 40 బైట్లు. గుణిస్తే సెకనుకు 16,000 బిట్లు. లోపలి మాట 13,000! ఉత్తరం కంటే కవరు బరువన్నమాట. రెండు వైపులా కలిపి నిమిషానికి 435 కిలోబైట్లు. అదే మాటను ఒకసారిగా రికార్డు చేసి వాయిస్ మెసేజ్‌గా పంపితే పెద్ద పొట్లాలలో పోతుంది కనుక కవరు ఖర్చు నామమాత్రం. నిమిషానికి 100 కిలోబైట్లు చాలు. వీడియో కాల్‌కు సెకనుకు అయిదు లక్షల బిట్లు వేసుకున్నా రెండు వైపులా నిమిషానికి 7.5 మెగాబైట్లు, అంటే వాయిస్ మెసేజ్‌కు 75 రెట్లు. పైగా ఈ మెసేజ్ సంకేతం అందే క్షణం వరకు ఫోనులో ఓపికగా కూర్చుంటుంది. ఎవరి మాట మీదా పడదు. అమ్మ వీటికి 'పలికే ఉత్తరాలు' అని పేరు పెట్టింది. ఒక్కొక్కటి నాలుగైదు సార్లు వింటుంది. విన్నదాన్ని మళ్లీ వినటానికి ఖర్చు లేదని తెలిసిన రోజున ఆమె పొందిన ఆనందం చూడవలసినది.

ఎస్.ఎం.ఎస్. విషయంలో మాత్రం మన లిపికి అన్యాయం జరిగింది. ఒక్క సందేశంలో పట్టేది 1,120 బిట్లు. ఇంగ్లీషు అక్షరానికి 7 బిట్లు చాలు, 160 అక్షరాలు పడతాయి. తెలుగుకు సాధారణంగా ఒక్కొక్క గుర్తుకు 16 బిట్లు, కనుక 70 మాత్రమే. ఆ పైన మన ఒత్తులు, గుణింతాలు వేరు వేరు గుర్తులు. 'క్షేమం' అన్న రెండక్షరాల మాటకు ఆరు గుర్తులు, 96 బిట్లు ఖర్చు. దానినే ఇంగ్లీషు లిపిలో వ్రాస్తే ఏడు అక్షరాలకు 49. అయినా అమ్మకు తెలుగులోనే పంపమని తమ్ముడికి చెప్పాను. ఆమె కళ్లజోడు ఇంగ్లీషు లిపిని చదవదు.

పొదుపు చేయకూడని చోటు ఒకటి ఉన్నది. మొదట దాచిన కారణం అదే. ఉచితంగా వచ్చే యాప్‌లు ధరను మరొక రూపంలో, మనం ఎక్కడ ఉన్నామన్న సమాచారంగా, వసూలు చేసుకోగలవు. వ్యాయామాన్ని లెక్కపెట్టే స్ట్రావా అనే యాప్ తన వాడుకరులు పరుగెత్తిన దారులన్నీ ప్రపంచ పటం మీద వెలుగు గీతలుగా ప్రచురించింది. ఎడారుల మధ్య చీకటిలో చిన్న చిన్న వెలుగు చుట్లు ఎందుకున్నాయని 2018 జనవరిలో పరిశీలకులు చూస్తే, అవి సైనిక స్థావరాలు! 2020 జూలైలో భారత సైన్యం ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లతో సహా 89 యాప్‌లను ఫోన్ల నుంచి తీసివేయమని తన వారిని ఆదేశించింది. ఫోను తీసిన ఫోటోలో తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా దాగి ఉండవచ్చు. వాడు మంచులో నిలబడి తీయించుకున్న ఫోటోను నలుగురికీ చూపించాలని నాకు ఎంత ఉన్నా, ఈ సావనీరు కోసం మిత్రులు అడిగినప్పుడు ఇవ్వలేదు. వాడి యూనిట్ ఏ యాప్‌ను అనుమతిస్తే అదే మాకు యాప్. ఏదీ లేదంటే 'మూడు' అని లెక్క.

పోయిన సంక్రాంతికి తమ్ముడు సంకేతం బాగా అందే చోట ఉన్నాడు. ముగ్గురం ఒకే కాల్‌లో కలిశాం. అర సెకను ఆలస్యం ఎక్కడా లేదు. అమ్మ "అన్నం తిన్నావా? చెప్పు నాన్నా" అని ఆగింది. వాడు వెంటనే "తిన్నానమ్మా" అన్నాడు. ఆ మాట అందుకుని నేను నా కబురు మొదలుపెట్టబోతే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండవే, వాడి మాట ఇంకా దిగుతూ ఉంటుంది."